పది శాతం దాకా ఫర్వాలేదు

దొంగతనం ఎంతవరకు చెయ్యొచ్చో మన దేశంలో లెక్క ఉంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు చూడండి. థీసిస్‌లో పది శాతం దాకా పరాయి సొమ్ముంటే శిక్ష లేదు. నలభై దాకా ఉంటే ఆరు నెలల్లో దిద్ది తెమ్మంటారు. అరవై దాకా ఉంటే ఏడాది ఆగమంటారు. ఆ పైన అయితేనే రిజిస్ట్రేషన్ రద్దు.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో జేబుదొంగకు ఈ వెసులుబాటు లేదు. పర్సులో ముప్పై శాతమే తీశాను, ఆరు నెలల్లో దిద్ది తెస్తానంటే కానిస్టేబుల్ వినడు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ వాడికి మూడేళ్ల దాకా రాసిపెట్టింది. పాపం, వాడు పీహెచ్‌డీలో చేరాల్సింది.

మా డాక్టరుగారు చేరారు. నేర న్యాయంలో పట్టా పొంది, అదే పాఠం చెబుతున్నారు. ఏ విశ్వవిద్యాలయమని అడక్కండి. ఒక్కదాని పేరు చెబితే తక్కినవి నొచ్చుకుంటాయి.

ఆయన ఉండేది చైతన్యపురిలో. మెట్రోలో ఇటు ఒక స్టేషన్ పోతే దిల్‌సుఖ్‌నగర్. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం జంట పేలుళ్లలో 18 మంది ప్రాణాలు పోయిన చోటు. చర్లపల్లి జైల్లో విచారణ, 157 మంది సాక్షులు, 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష, దాన్ని 2025 ఏప్రిల్‌లో ఖాయం చేసిన హైకోర్టు. తీర్పుకీ తీర్పుకీ మధ్య గాయపడ్డవాళ్లు ఎలా బతికారు? మూడేళ్ల తర్వాత బోనెక్కిన సాక్షికి ఏం గుర్తుంది? అటు రెండు స్టేషన్లు పోతే ఎల్బీనగర్, రంగారెడ్డి జిల్లా కోర్టులు. వాయిదా కోసం కూలి మానుకుని వచ్చినవాళ్లు చెట్టుకొకరు కనిపిస్తారు. ఆయన ఇటూ పోలేదు, అటూ పోలేదు. థీసిస్‌లో రెండు అధ్యాయాలు షికాగో మీద. ఆ ఊరి పరిశోధకులు తమ వీధులు తిరిగి రాసింది, ఈయన మన వీధిలోకి దిగకుండా రాసుకున్నారు.

బోధనా అంతే. 2024 జులై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. ఆయన పాత నోట్సులో హత్య పక్కన 302 కొట్టేసి 103 వేశారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఎస్సై ఉద్యోగానికి చదివే పిల్లలు ఆ అంకె నిద్రలో లేపినా చెబుతారు. హత్య జరిగిన ఇంటి తలుపు ఎలా తట్టాలో మాత్రం ఎవరి నోట్సులోనూ లేదు.

మొన్న ఆయన భార్య మెడలో గొలుసు తెంపుకుపోయారు. డాక్టరుగారు జీవితంలో తొలిసారి పోలీస్ స్టేషన్ మెట్లెక్కారు.

"304 పడ్తది సార్," అన్నాడు కానిస్టేబుల్.

డాక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "అయ్యో, ఎవరూ చనిపోలేదండీ!"

ఐపీసీలో 304 ప్రాణం తీసినవాడి సెక్షన్. కొత్త చట్టంలో అది లాక్కుపోయినవాడిది. అంకెలు దిద్దిన నోట్సులో ఈ అంకె దిద్దడం మరిచారు.

ఫిర్యాదు రాయమని తెల్లకాయితం ఇస్తే ఆయన పావుగంట దాన్నే చూస్తూ కూర్చున్నారు. కానిస్టేబుల్ జాలిపడి పాత ఫిర్యాదొకటి ముందు పెట్టాడు.

"గిది జూసి రాయుండ్రి సార్. పేరు, తారీఖు మారుస్తే సాలు."

డాక్టరుగారి మొహం వికసించింది. ఇన్నాళ్లకు తెలిసిన పని దొరికింది.