పాయింటుకెంత?

ఇంటి కరెంటు పనికి బడ్జెట్ వేసే గృహస్థు సాధారణంగా యాభై దాటిన మధ్యతరగతి మనిషి. పాతికేళ్ల కిందట కట్టిన డాబానో, పదిహేనేళ్ల కిందట కొన్న ఫ్లాటో ఆయనకు ఉంటుంది. ఉద్యోగమంతా లెక్కల్లోనే గడిచింది గనక అంకెలంటే బెదురు లేదు. కరెంటంటే ఉంది గానీ ఆ సంగతి ఒప్పుకోడు. చొక్కా జేబులో పెన్ను పక్కన టెస్టరు పెట్టుకుంటాడు. దాన్ని ప్లగ్గు రంధ్రంలో గుచ్చి, లోపలి దీపం ఎర్రగా వెలగడం పిల్లలకు చూపించడంతో ఆయన విద్య పూర్తవుతుంది.

కరెంటు పని చేయించాలని ఈయనకు తనంతట తానుగా తోచదు. స్విచ్చి వేసినప్పుడల్లా చిటపటమంటే రెండోసారి గట్టిగా నొక్కుతాడు. రెగ్యులేటరు చెడిపోతే ఫ్యాను ఐదు మీదే తిరగనిస్తాడు. మార్పు రావాలంటే అమ్మాయికి పెళ్లిచూపులు కుదరాలి, లేదా అమెరికా నుంచి కొడుకూ కోడలూ సెలవులకు రావాలి. ఈ రెండూ లేని ఇళ్లలో మే నెల ఆ పని చేస్తుంది. రాత్రి పదింటికి కొత్తగా కొన్న రెండో ఏసీ వేయగానే మెయిన్ పడిపోతుంది, వీధిలో మిగతా ఇళ్లన్నీ వెలుగుతూ ఉంటాయి. పరువు ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

బడ్జెట్‌ను పాత డైరీ వెనక పేజీలో రాస్తారు. దానికి నాలుగే పద్దులు: వైర్లు, స్విచ్చులు, కూలి, ఇతరములు. మొదటి మూడింటికీ ఇల్లు కట్టిననాటి ధరలే ఆధారం. అప్పటికీ ఇప్పటికీ ఏదో కాస్త పెరిగి ఉంటుందన్న ఉదారభావంతో వాటి మీద కొంత కలుపుతారు. ఇతరములకు ఎదురుగా రెండు వేలు వేస్తారు. మొత్తాన్ని కిందికి సవరించి గుండు సున్నాలతో ముగిస్తారు. ఖర్చు ఎంతవుతుందో తెలుసుకోవడం ఈ కాగితం ఉద్దేశం కాదు. పనంతా అయ్యాక నలుగురిలో ‘ఇంతలో చేయించాం’ అని చెప్పుకోవలసిన అంకెను ముందుగా ఖాయం చేసుకోవడానికే దాన్ని రాస్తారు. ఈ సంగతి తెలియక ఎలక్ట్రీషియన్లు దాన్ని నిజమైన బడ్జెట్ అనుకుని నొచ్చుకుంటారు.

కూలి మాట్లాడుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. కొత్త ఇళ్లకు చదరపు అడుగుకింత అంటారు, పాత ఇళ్ల మరమ్మతులకు పాయింటుకింత అంటారు. గృహస్థు రెండోదాన్నే ఇష్టపడతాడు, ఎందుకంటే పాయింట్లను తానే లెక్కపెట్టుకోవచ్చు. తీరా లెక్కపెట్టేవేళ గది గదికీ తగాదా వస్తుంది.

“మెట్ల దగ్గర లైటుకు రెండు పాయింట్లు సార్.”

“బల్బు ఒకటేగా బాబూ?”

“బల్బొకటే సార్, స్విచ్చులు రెండు. కింద వేసి పైన ఆర్పుకోవాలి గదా.”

“అయితే పైది తీసెయ్.”

“పైకెళ్లి చీకట్లో దిగేది నేను,” అని వంటింట్లోంచి మాట వినిపిస్తుంది. టూవే స్విచ్చి ఉంటుంది. ఆ పాయింటు సొమ్మును కాలింగ్ బెల్లు దగ్గర రాబట్టాలని గృహస్థు మనసులో రాసుకుంటాడు. పవర్ ప్లగ్గుకు రెండు పాయింట్ల ధర, ఏసీ లైనుకు వేరే ధర అన్న సంగతులు అడ్వాన్సు చేతులు మారాక తెలుస్తాయి. ఆ అడ్వాన్సు అందుకున్న నాటి నుంచి ఎలక్ట్రీషియన్ ఎప్పుడు ఫోను చేసినా ‘దారిలో ఉన్నా సార్’ అంటాడు. అందులో అబద్ధం లేదు. నాలుగు ఇళ్ల పనులు ఒప్పుకున్నవాడు ఎప్పుడూ ఏదో ఒక దారిలోనే ఉంటాడు.

“మెటీరియల్ మేం తెచ్చుకుంటాం” అనేది ఈ గృహస్థు ముఖ్యలక్షణం. ఎలక్ట్రీషియన్‌కు షాపువాడు కమీషన్ ఇస్తాడని ఆయన గట్టి నమ్మకం, అది పూర్తిగా అపోహ కూడా కాదు. హైదరాబాదులో ఉంటే కోఠి పక్కన ట్రూప్ బజారుకు వెళతాడు. అక్కడ ధరలు లిస్టు రేటు మీద ఇంత శాతం తగ్గింపు అన్న లెక్కలో నడుస్తాయి. ఒక షాపువాడు నలభై శాతం అంటాడు, పక్కవాడు నలభై రెండంటాడు. రెండు శాతం కోసం గృహస్థు మధ్యాహ్నమంతా బజారు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు. చివరికి కొనేది వేరే రకం వైరు కావడంతో ఆ శాతాలకు పోలికే ఉండదు. ఆపైన షాపువాడు “బిల్లుతోనా, బిల్లు లేకుండానా?” అని ఆఖరి ప్రశ్న వేస్తాడు. పద్దెనిమిది శాతం జీఎస్టీ మిగిలిందన్న సంతోషం, కొన్న ఫ్యాను గ్యారంటీ లోపలే ఆగిపోయి బిల్లు అడిగేదాకా నిలుస్తుంది.

వైరు విషయంలో కాస్త వివరం అవసరం. ఇంట్లో వేసే రాగి వైరు 90 మీటర్ల చుట్టలుగా వస్తుంది. లోపలి రాగి మందాన్ని చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు. లైట్లకూ ఫ్యాన్లకూ 1 లేదా 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీ గీజర్ల లైన్లకు 2.5 లేదా 4 వాడతారు. మీటరు నుంచి లోపలికి వచ్చే మెయిన్ ఇంకా మందంగా ఉండాలి. సన్న వైరులో ఎక్కువ కరెంటు పారితే అది వేడెక్కుతుంది, పై తొడుగు మెత్తబడి కరుగుతుంది. వైరు ఖరీదంతా రాగిలో ఉంది గనక మందం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. గృహస్థు చూపు ఆ రెండో సంగతి మీదే నిలుస్తుంది. గీజరుకు 2.5 చెప్పిన చోట 1.5 చాలదా అని అడుగుతాడు. గోడలో ఉండేదాన్ని ఎవరు చూస్తారన్నది ఆయన వాదం.

అదే మనిషి స్విచ్చుల దగ్గరికి వచ్చేసరికి మారిపోతాడు. ఒకప్పుడు టేకు పెట్టె మీద సన్‌మైకా బోర్డు, దాని మీద నల్ల స్విచ్చులతో తృప్తిపడిన ఇల్లే అది. ఇప్పుడు బంగారు అంచున్న మాడ్యులర్ ప్లేటుకు సాదా ప్లేటు ధరకు రెట్టింపు ఇచ్చి తెస్తాడు. హాల్లో ఫాల్స్ సీలింగు, దాని చుట్టూ దాగిన స్ట్రిప్ లైటు, మధ్యలో తుడవడానికి నిచ్చెన కావలసిన షాండ్లియరు వస్తాయి. పైన పటారం లోన లొటారం అన్న మాటకు ఇంత సరైన నమూనా ఇల్లు మరొకటి దొరకదు.

ఫ్యాన్ల కొనుగోలులోనూ ఇదే ధోరణి. పాతరకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు పదమూడు యూనిట్ల పైనే ఆదా. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నెలకు ఎనభై. పదిహేను వందలు ఎక్కువ పెట్టి కొన్నా రెండేళ్ల లోపే అసలు గిట్టుతుంది. ఈ లెక్కను గృహస్థు పైసలతో సహా వేస్తాడు, తప్పు ఉండదు. కానీ రిమోటున్న ఆ కొత్త ఫ్యానును తీసుకెళ్లి హాల్లో బిగిస్తాడు, అక్కడది చుట్టాలు వచ్చినప్పుడు తిరుగుతుంది. హాల్లోంచి తీసిన పాత 75 వాట్లది పడకగదికి చేరి తెల్లవార్లూ తిరుగుతుంది.

కోత పడేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఎర్తింగ్. పెరట్లో గొయ్యి తవ్వి, పైపో ప్లేటో దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండవలసిన ఏర్పాటిది. బొగ్గుకూ ఉప్పుకూ డబ్బు పోయడం ఆయనకు సుతరామూ నచ్చదు. “మనది తడి నేలేనయ్యా” అని తేల్చేస్తాడు. ప్లగ్గులో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. ఉన్నా ఎక్కడికీ వెళ్లదు.

రెండోది ఆర్‌సీసీబీ. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకుండా, మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో 30 మిల్లీ ఆంపియర్లు నేలలోకి జారిపోతే క్షణంలో లైను తెంచేస్తుంది. ఇంటికి సరిపడేది రెండు మూడు వేలకు వస్తుంది. షాండ్లియరు బేరంలో షాపువాడు వదులుకున్న సొమ్ము అంతకన్నా ఎక్కువే. “ఇన్నేళ్లూ అది లేకుండానే ఉన్నాం గదా” అని గృహస్థు దాన్ని జాబితాలోంచి కొట్టేస్తాడు. తర్వాత బాత్‌రూమ్‌లో కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందని ఇంట్లో చెబితే, చెప్పులేసుకుని స్నానం చేయమని సలహా ఇస్తాడు. ఈ జాతి మనిషి చెప్పే మాటల్లో నవ్వలేనిది ఇదొక్కటే.

ఎంసీబీ మీద మాత్రం ఆయనకు పాతకక్ష. పూర్వం ఫ్యూజు కొట్టేస్తే ఏ పాత వైరులోంచో నాలుగు పోగులు లాగి క్యారియరుకు చుట్టినవాడు, ఇప్పుడు ఎంసీబీ పడిపోతుంటే 16 ఆంప్స్‌ది తీసి 32ది పెట్టమంటాడు. లోపల వైరు అదే కాబట్టి ఇక ముందు కాలేది వైరే. ఈ మాట ఎలక్ట్రీషియన్ చెబుతాడు. చెప్పి, అడిగింది పెడతాడు. చెప్పడం వరకు తన ధర్మం.

బడ్జెట్‌ను అసలు ముంచేది కరెంటు సామాను కాదు. గోడలో కొత్త పైపు పోవాలంటే గాడి కొట్టాలి, గాడి పూడ్చడానికి తాపీమేస్త్రి రావాలి. ఆయన సిమెంటు పూసి వెళ్లాక లప్పం పట్టాలి, లప్పం మీద రంగు వేయాలి. పదేళ్ల కిందటి రంగు డబ్బా అటక మీద దొరికినా ఇప్పటి గోడ రంగుతో కలవదు. కాబట్టి గీతంత గాడికి గోడంతా రంగు, గోడకు రంగేస్తే పక్క గోడ వెలవెలబోతుంది గనక గదంతా రంగు, గది తలుపు తీస్తే హాలు కనిపిస్తుంది గనక హాలు కూడా. వంటింట్లో చిమ్నీకి ఒక్క ప్లగ్గు పెట్టబోతే రెండు టైల్సు పగులుతాయి, ఆ డిజైను టైల్సు కంపెనీ ఎప్పుడో ఆపేసి ఉంటుంది. డైరీలో రెండు వేలతో మొదలైన ఇతరములు ఈ దశలో తడిసి మోపెడై తక్కిన మూడు పద్దులనూ దాటిపోతుంది. అనుభవమున్న ఇంటి ఇల్లాలు ఈ సంగతి మొదటి రోజే చెబుతుంది. ఆమెకు కరెంటు గురించి ఏం తెలుసని ఆయన కొట్టిపారేస్తాడు.

మిగిలిపోయిన సామాను వాడకంలోనూ ఈయన పొదుపు కనబడుతుంది. ఎర్ర చుట్ట అయిపోయి ఆకుపచ్చ చుట్ట మిగిలితే, బాల్కనీ లైటుకు ఆ ఆకుపచ్చదే లాగిస్తాడు. ఆకుపచ్చను ఎర్త్‌కే వాడాలన్నది నియమం. రేపు మరమ్మతుకొచ్చే కుర్రాడు అది ఎర్త్ అనుకుని చేత్తో పట్టుకుంటాడని ఈయనకు తట్టదు.

కొడుకు డల్లాస్ నుంచి తెచ్చిన స్మార్ట్ ప్లగ్గు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అక్కడ ఇళ్లకు 120 వోల్టులు వస్తాయి, ఇక్కడ 230. అది వెలిగినంతసేపు బాగానే వెలుగుతుంది.

చివరి ఘట్టం కరెంటాఫీసు. రెండు ఏసీలు మూడు కిలోవాట్లు, గీజరు రెండు, ఇస్త్రీపెట్టె ఒకటి, నీళ్ల మోటారు ముప్పావు. ఇల్లు ఇప్పుడు ఆరున్నర దాటింది. మీటరు పెట్టిననాడు రాయించుకున్న లోడు రెండు కిలోవాట్లు. పెంచిన ప్రతి కిలోవాటుకూ అభివృద్ధి ఛార్జీలూ డిపాజిట్టూ కట్టాలి. ఆ పద్దు డైరీలో ఏ వరసలోనూ లేదు. “అన్నీ ఒకేసారి వేస్తామా ఏంటి?” అని గృహస్థు వాయిదా వేస్తాడు, ఇంట్లో ఒక నియమావళి పుడుతుంది: గీజరు వేసినప్పుడు ఇస్త్రీ చేయకూడదు, మోటారు వేసినప్పుడు పెద్ద ఏసీ కట్టేయాలి. మనవడు తప్ప అందరూ దాన్ని పాటిస్తారు.

లెక్క తీర్చేరోజు పాయింట్లను మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. ఎలక్ట్రీషియన్ లెక్కకు అరవై నాలుగు వస్తే ఆయన లెక్కకు అరవై ఒకటి వస్తుంది. అరవై రెండు దగ్గర ఇద్దరూ రాజీపడతారు. టీ తాగాక కుర్రాడి చేతిలో పెట్టే వంద డైరీలోకి ఎక్కదు. మేస్త్రీ కూలి, లప్పం, రంగు, టైల్సు ‘ఇంటి మరమ్మతులు’ అనే వేరే పేజీకి మారతాయి. షాండ్లియరు ‘అబ్బాయి పంపిన డబ్బు’ కింద పోతుంది, ఫ్యాన్లు ‘సామాను’ కిందికి వెళతాయి. ఇలా తీసేయగా తీసేయగా మిగిలిన మొత్తం, మొదటి రోజు రాసుకున్న అంకెకు వెయ్యి అటూ ఇటూగా వచ్చి నిలుస్తుంది.

మొదటి పండక్కి వచ్చిన తోడల్లుడికి ఆ అంకెనే చెబుతారు. ఆయన దాన్ని ఫోనులో రాసుకుని వెళ్లి, తన ఇంటి పనికి బడ్జెట్ వేస్తాడు.