పసుపు చుక్క స్వామికి దండాలు

చుక్క స్వామీ, సిద్ధులగుట్ట మీది శివయ్యకు మొక్కిన చేత్తోనే నీకూ మొక్కుతున్నాం. కల్లాల్లో పసుపు ఉడికే రోజుల్లో మా ఆర్మూరులో కొమ్ము ముట్టిన చెయ్యి దాగదు. బట్టకంటిన మరకను సబ్బుతో రుద్దితే ఎర్రబడి మరీ సాక్ష్యం చెబుతుంది. నాలుగు రోజులు ఎండలో ఆరేస్తే మాత్రం దానంతటదే మాయం. నీ గుణమూ అదే గనక నిన్ను మా ఊరివాడిగానే లెక్కేసుకున్నాం.

శుభలేఖ మూలలకు మేం రాసే పసుపు అందరికీ కనబడుతుంది, మొరటు పని. నువ్వు అలా కాదు. రంగుల లేజర్ ప్రింటర్లు చాలావాటిలో కాపురముంటావు. తెల్లకాగితం మీద మిల్లీమీటరులో పదో వంతు లేత పసుపు చుక్కలై పరుచుకుంటావు. మిషన్ నంబరు, తేదీ, గంట, నిమిషం రాసిపెడతావు. 2005లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు నీలి దీపం పెట్టి నీ లిపి విప్పారు. మిషన్ కొన్నవాడికి ఒక్క మాటైనా చెప్పకుండా ఇంత సేవ! అడగనిదే నీళ్లైనా ఇవ్వని కాలమిది.

నీ సత్యవాక్కును ఎంతని పొగడను? ఏ మిషనో చెబుతావు, మీట నొక్కిందెవరో చెప్పవు. మిషన్ గడియారం తప్పుంటే ఆ తప్పును పొల్లుపోకుండా రాస్తావు. 2017లో అమెరికా నిఘా సంస్థ రహస్య పత్రం పత్రికకెక్కినప్పుడు లోకమంతా నిన్నే కొనియాడింది. కానీ ఆ పత్రం ప్రింటు తీసింది ఆరుగురని చెప్పింది ఆఫీసు కంప్యూటర్ చిట్టా. అందులో ఒకామె పత్రికవాళ్లకు ఈమెయిల్ పెట్టిందని పట్టిచ్చిందీ ఆమె కంప్యూటరే. సొమ్మొకడిది, సోకొకడిది. మరుసటి ఏడు డ్రెస్డెన్ పరిశోధకులు నీ మీదే ఇంకొన్ని చుక్కలు చల్లే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. పాపం, ఆ గుంపులో నిన్ను నువ్వే పోల్చుకోలేకపోయావు.

సినిమాహాళ్లలో ఉండే నీ తమ్ముడు వాటర్‌మార్కూ తక్కువవాడు కాదు. 2017లోనే బాహుబలి 2 దొంగ ప్రతి ఎక్కడిదని అడిగితే, బిహార్‌లోని బెగూసరాయ్ హాలని గడగడా చెప్పాడు. ఆ ప్రతి ఒక ముఠా చేతికి చిక్కి, వాళ్లు నిర్మాతలను డబ్బడిగేదాకా మాత్రం నోరు మెదపలేదు. చేతులు కాలాక ఆకులు అందించే ఇంత ఓర్పున్న వైద్యుడు ఏ ఆస్పత్రిలో ఉన్నాడు?

2025 మార్చిలో నువ్వు మా తెలంగాణ పదో తరగతి ప్రశ్నపత్రాల మీద క్యూఆర్ కోడ్‌గా, వరుస నంబరుగా అవతరించావు. మొదటి రోజే నకిరేకల్‌లో తెలుగు పేపరు వాట్సాప్‌కెక్కింది. ఫోటో తీసినవాడు కిటికీ అవతల ఉన్నాడు. వాడి ఒంటి మీద నంబరు లేదు. నంబరున్న కాగితం లోపల బల్ల ముందు కూర్చున్న ఆడపిల్లది. తర్వాత బయటివాళ్లనూ అరెస్టు చేశారులే, కానీ ముందుగా డిబార్ అయింది ఆ పిల్ల. కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే దొంగ అనే ఇంత సులువైన న్యాయం మా రచ్చబండ పెద్దలకు కూడా తట్టలేదు స్వామీ.

నీకు గుడి కడదామని మా ఊరి జిరాక్స్ షాపులో ఒక మాట అడిగాను. నలుపు తెలుపులో కాపీ తీస్తే ఈ చుక్కలు పడతాయా అని. పడవన్నాడు. రెండు రూపాయలు తీసుకున్నాడు.