షేర్ల చాపకూడు

కారంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. మందపోరు నాడు చాపకూడు వడ్డిస్తారు. కులం అడగరు, అందరూ ఒకే బంతిన తింటారు. బ్రహ్మనాయుడి పేరున నడిచే ఆ ఆనవాయితీని హైదరాబాదులో కార్వీ స్టాక్ బ్రోకింగ్ వారు షేర్లకూ తెచ్చారు. ఎవరివని అడక్కుండా ఖాతాదారుల షేర్లు తమ ఖాతాలో కలిపేసుకున్నారు. కాకపోతే ఇక్కడ బంతిలో కూర్చున్నవాళ్లు చూస్తుండగా వడ్డించేవాడే తినేశాడు.

బ్రోకరంటే ఎవరు? మన తరఫున కొని, మన తరఫున అమ్మి, కమిషన్ పుచ్చుకుని పక్కకు జరిగేవాడు. చట్టం మాట అది. మరి అదే సంస్థ సొంత డబ్బుతో సొంత లాభానికీ ట్రేడింగ్ చేస్తుంది. మన షేర్లు దాచేదీ అదే. ఏది కొనాలో చెప్పేదీ అదే, చేతిలో డబ్బు లేదంటే అప్పిచ్చేదీ అదే. ఇదేమిటయ్యా అంటే, ‘మా విభాగాల మధ్య గోడలున్నాయండీ’ అంటారు. ఉన్నాయి, కాదనం. ఆ గోడకు తలుపూ ఉంది. దాని తాళంచెవి అప్పట్లో పవర్ ఆఫ్ అటార్నీ. ఖాతా తెరిచిన రోజున టిక్కు పెట్టిన చోటల్లా సంతకాలు చేసి మనమే ఇచ్చాం.

2019 నవంబర్ 22న కార్వీపై మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు వచ్చాక లెక్కలు బయటపడ్డాయి. 95,000 మందికి పైగా ఖాతాదారుల షేర్లు, సుమారు 2,300 కోట్ల రూపాయల సరుకు, కార్వీ అప్పుల కింద తాకట్టులో ఉంది. 1,096 కోట్లు కార్వీ రియల్టీకి మళ్లాయని సెబీ చెప్పింది. షేర్ల కమిషన్ వ్యాపారికి స్థలాల మీద అంత మమకారం ఎందుకో! చాలామంది షేర్లు ఆ డిసెంబర్‌లోనే వెనక్కి వచ్చాయి. వెంటనే అప్పిచ్చిన బ్యాంకులు ‘తాకట్టు మాది’ అంటూ ట్రిబ్యునల్‌కెక్కాయి. డబ్బు పెట్టి కొన్నవాడు తన షేరు తనదని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో సెబీ ఆ సంస్థనూ దాని అధిపతినీ 7 ఏళ్లు మార్కెట్ నుంచి వెలివేసి, ఇద్దరికీ కలిపి 21 కోట్ల జరిమానా వేసింది. 2,300 కోట్లెక్కడ, 21 కోట్లెక్కడ!

మిర్చి అమ్మిన డబ్బు షేర్లలో పెట్టే పల్నాటి కుర్రాళ్లకు ఒక మాట. 2020 నుంచి మార్జిన్ కోసం షేరు తాకట్టు పెట్టాలంటే మీ ఫోన్‌కు ఓటీపీ రావాలి. ‘ఆ నంబరు కాస్త చెప్పన్నా’ అని బ్రోకర్ ఆఫీసు నుంచి ఎవరడిగినా చెప్పకండి. బ్రోకర్ యాప్ చూసి మురిసిపోకుండా, మీ షేర్ల లెక్క ఉంచే డిపాజిటరీ పంపే స్టేట్‌మెంట్ తెరిచి మీ షేర్లు మీరే లెక్కపెట్టుకోండి.