వీలునామా రాయకుండా కాలక్షేపం చేయడం ఎలా?

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో డేటాకి బ్యాకప్ ఉంటుంది, ఆ బ్యాకప్‌కి ఇంకో ఊళ్లో బ్యాకప్ ఉంటుంది. సర్వర్ పోతే ఎవరేం చెయ్యాలో రాసిపెట్టి, డ్రిల్ కూడా చేస్తాం. మరి మనిషి పోతే? "ఛ, అవేం మాటలు! పైన తథాస్తు దేవతలుంటారు" అంటాం. ఈ సంప్రదాయాన్ని పకడ్బందీగా కాపాడుకోదలచిన వారికి కొన్ని సూచనలు.

1. మంచి సమయం కోసం ఆగండి. పెళ్లయ్యాక రాద్దాం. పిల్లలు పుట్టాక. ఫ్లాటు ఈ-ఖాతా చేతికొచ్చాక. లోను తీరాక. మెట్రో ఎల్లో లైన్ వచ్చాక అనడానికి మాత్రం వీల్లేదు. అది 2025 ఆగస్టులో వచ్చేసింది.

2. "నామినీ ఉన్నారుగా!" అనుకుని నిద్రపోండి. షేర్లలో నామినీగా పేరున్నంత మాత్రాన వారసుల హక్కు చెరిగిపోదని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో చెప్పింది. కోర్టులు అలాగే అంటుంటాయి.

3. మనం రాయకపోతే వీలునామాయే ఉండదని నమ్మండి. నిజానికి హిందువుల తరఫున పార్లమెంటు 1956లోనే ఒకటి రాసిపెట్టింది. దాని పేరు హిందూ వారసత్వ చట్టం. మగవాడు వీలునామా లేకుండా పోతే భార్యకి, తల్లికి, పిల్లల్లో ఒక్కొక్కరికి తలా ఒక సమాన వాటా. ఆ మొదటి వరుసలో తండ్రి లేడు. మదనపల్లెలో పొలం అమ్మి నీలాద్రి రోడ్డు ఫ్లాటుకి అడ్వాన్సు కట్టింది ఆయనే కావచ్చు, అయినా లేడు. పిల్లలు మైనర్లయితే, ఫ్లాటులో వాళ్ల వాటా అమ్మాలంటే తల్లికైనా కోర్టు అనుమతి కావాలి. ఇక భర్త ముందే పోయి, పిల్లలు లేని ఉద్యోగిని సొంతంగా సంపాదించుకున్నది ఆమె కన్నవాళ్లకంటే ముందు భర్త వైపు వారసులకు వెళుతుంది. జీతం మనది, పంపకం 1956ది.

చదువు, హోదా, చుట్టూ లాయర్లు ఉంటే సరిపోతుందా? మన పక్కనే పరప్పన అగ్రహార జైలుంది. 2014లో జయలలిత కొన్నాళ్లు అందులో ఉన్నారు. 2016 డిసెంబరులో ఆమె వీలునామా లేకుండానే పోయారు. మేనకోడలు, మేనల్లుడు వారసులని మద్రాసు హైకోర్టు 2020లో తేల్చింది. పోయెస్ గార్డెన్ ఇంటి తాళాలు వాళ్ల చేతికి రావడానికి మరో ఏడాది పైనే పట్టింది.

4. అదంతా పెద్ద ఖర్చని ప్రచారం చెయ్యండి. తెల్లకాగితం చాలని, స్టాంపు అక్కర్లేదని, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, ఇద్దరు సాక్షులుంటే సరిపోతుందని ఎవరికీ చెప్పకండి. అయినా ఎదురు ఫ్లాటాయన పేరే తెలియని అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు సాక్షులు దొరకడం మాటలా?

5. ఒకసారి రాశాక ఇక ముట్టుకోకండి. హిందువుల వీలునామా పెళ్లితో రద్దయిపోదు. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు అంతా తమ్ముడికే రాసి ఉంటే, పెళ్లయ్యాక భార్యకి ఆ కాగితం దొరికిన రోజు తమ్ముడి పరిస్థితి ఆలోచించండి.

6. చావంటే భయమని చెప్పుకోండి. గౌరవంగా ఉంటుంది. నిజానికి ఆ భయం మనకి అంతగా లేదు. టర్మ్ ఇన్సూరెన్స్ ఫారంలో మన చావుకి మనమే ధర కట్టి, పన్ను మినహాయింపు కూడా తీసుకున్నాం. మన భయమల్లా వాటాలు రాయడమంటే. అమ్మకీ, భార్యకీ, అక్కకీ విడివిడిగా "అంతా నీదేగా" అని చెప్పుకుంటూ వచ్చాం. కాగితం మీద పెడితే ఆ మాట ముగ్గురిలో ఇద్దరికైనా అబద్ధమవుతుంది. అదే చట్టం పంచితే నింద చట్టానిది. చేతికి మట్టి అంటకుండా వెళ్లిపోవచ్చు. తిట్టినా వినడానికి మనం ఉండం, తిట్టుకోవడానికి వాళ్లు మాత్రం ఉంటారు.

7. ఇంత చెప్పినా రాసి తీరుతామంటారా? పెళ్లి, విడాకులు, కొత్త బిడ్డ, కొత్త ఫ్లాటు, ఇంట్లో ఒకరు పోవడం: వీటిలో ఏది జరిగినా పాత కాగితం తీసి చదివి, కావాలంటే మార్చుకోవాలి. ఇప్పుడవేవీ జరగడం లేదా? అయితే ఇంకేం అడ్డు, ఈ ఆదివారమే కూర్చోండి. ఆ రోజు అమావాస్య అయితే, సోమవారం.