సగం పెగ్గుకే పూర్తి కిక్కు!

బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుని నలభై కిలోలు తగ్గిన బావగారు ఒకరు ఈమధ్య ప్రతి బ్యాచ్‌లోనూ తయారవుతున్నారు. బెల్టుకు కొత్త చిల్లులు పడ్డాయి, షుగర్ మాత్రలు సగమయ్యాయి, అంతా శుభమే. అయితే ఆయన మురిసిపోయేది వీటిని చూసుకుని కాదు. "ఇదివరకు క్వార్టర్ లేపితే గానీ ఎక్కేది కాదురా. ఇప్పుడు ఒక్క లార్జుకే తేలిపోతున్నా. ఎంత ఆదా!" అంటారు. సిట్టింగ్ మొత్తం చప్పట్లు కొడుతుంది. లక్షలు పోసి కడుపు కోయించుకున్నది బార్ బిల్లు తగ్గించుకోవడానికే అన్నంత సంబరం.

ఈ ఆదా లెక్క అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ సర్జన్లు ముందే వేసి, 2011లో అచ్చు వేశారు. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకోబోయేవాళ్లకు ఒక గ్లాసు రెడ్ వైన్, అంటే సుమారు 150 మిల్లీలీటర్లు, ఇచ్చి ఊపిరి పరీక్షించారు. ఆపరేషన్‌కు ముందు సగటున 0.024 శాతం చూపించిన మీటరు, ఆరు నెలల తర్వాత అదే గ్లాసుకు 0.088 చూపించింది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. ఇదివరకు ఆ గ్లాసు తాగి జూబ్లీహిల్స్‌లో పోలీసుల గొట్టంలోకి ధీమాగా ఊదిన మనిషి, ఇప్పుడు అదే గ్లాసుతో ఆ పరిమితికి దాదాపు మూడింతలు ఊదుతాడు. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పెగ్గుల మీద మిగిలిన మూడొందలు ఇందులో ఏ మూలకు సరిపోతాయో బావగారే చెప్పాలి.

ఇందులో మహత్యమేమీ లేదు. మామూలు కడుపులో మందు కాసేపు నిలుస్తుంది, అక్కడి ఎంజైములు కొంత విరగ్గొడతాయి, మిగతాది మెల్లగా పేగుల్లోకి జారుతుంది. బైపాస్‌లో పైన ఒక చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కుట్టేస్తారు. మందు నిమిషాల్లో రక్తంలో ఉంటుంది. "మాది స్లీవ్ కదా, మాకేం కాదు" అనే వర్గం ఒకటుంది. వాళ్ల కడుపులో మూడొంతులకు పైగా కోసి అవతల పారేశారన్న సంగతి వాళ్లు మరిచిపోయారు. స్లీవ్ చేయించుకున్నవాళ్లకు రెండు డ్రింకులు నాలుగింటి పెట్టు అని 2018లో వచ్చిన పరిశోధన తేల్చింది.

ఆపరేషన్ అయిన మర్నాడు నర్సు ఒక బుల్లి ప్లాస్టిక్ కప్పు చేతికిస్తుంది. 30 మిల్లీలీటర్లు. దాంతో నీళ్లు చప్పరిస్తూ తాగాలి, గటగటా తాగితే నొప్పి. 30 మిల్లీలీటర్లంటే బార్‌లో సరిగ్గా ఒక స్మాల్. నర్సు చెప్పిన మిగతా నియమాలన్నీ మరుపున పడ్డా, ఈ కొలత మాత్రం బావగారికి నోటికొచ్చు. తింటూ ఏమీ తాగకూడదు, అరగంట ఎడం ఉండాలి, గ్యాసున్న పానీయాలు ముట్టకూడదు అన్నారు. సిట్టింగ్ అంటేనే ఈ మూడూ ఒకే టేబుల్ మీద కలవడం: గ్లాసులో సోడా, పక్కన చికెన్ 65, రెండింటి మధ్య అరనిమిషం ఎడం. సోడా బదులు థమ్సప్ పోస్తే ఆ చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగి గుండెదడ, చెమటలు, బాత్రూమ్‌కి పరుగు. మళ్లీ "చికెన్ పడలేదురా" అని నింద కోడి మీదకే.

సగం గుడ్డుకే చాలు మొర్రో అనే కడుపు విస్కీకి మాత్రం ఆ మాట అనదు. ద్రవం నిలవదు, జారిపోతుంది. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న లార్జులో దాదాపు 140 క్యాలరీలు, ప్రొటీన్ సున్నా. ఇక లివర్. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ప్రొటీన్ షేకులతో కడుపు మాడ్చుకున్నది, కొవ్వు పట్టిన లివర్ కుంచించుకుంటే సర్జన్ కత్తికి దారి దొరుకుతుందనే. అలా బాగుపడుతున్న లివర్‌కే ఇప్పుడీ విందు.

"డాక్టర్ గారు ఆరు నెలలన్నారు, అయిపోయాయిగా" అనేది మరో వాదన. 41 రోజులు అయ్యప్ప మాల వేసుకుని, తీసిన రోజు సాయంత్రమే వైన్స్ ముందు తేలినవాడి లెక్క ఇది. డాక్టర్ చెప్పింది కనీస గడువు. బావగారు దాన్ని ముహూర్తంగా రాసుకున్నారు. అమెరికాలో పది ఆసుపత్రుల్లో దాదాపు రెండు వేల మందిని గమనించిన అధ్యయనం 2012లో వెలువడింది. సర్జరీకి ముందు ఏడాది మద్యం సమస్య ఉన్నవారు 7.6 శాతం, సర్జరీ అయిన ఏడాది 7.3, రెండో ఏడాది 9.6. అంటే అందరూ మెచ్చుకుని, నిఘా ఎత్తేశాకే పెరిగింది. అంతకుముందు ఏ సమస్యా లేని బైపాస్ వాళ్లలోనూ ఐదేళ్లు తిరిగేసరికి ఐదుగురిలో ఒకరికి లక్షణాలు కనిపించాయని 2017లో తేలింది.

దీనికి మన మేధావుల దగ్గర వ్యాఖ్యానం సిద్ధం: "బిర్యానీ పోయిందన్న బెంగతో తాగుతున్నాడు పాపం." మరి ఎలుకలకు ఏ బిర్యానీ బెంగ? బైపాస్ చేసిన ఎలుకలకు నోటితో పనిలేకుండా నేరుగా రక్తనాళంలోకే ఆల్కహాల్ ఎక్కించుకునే ఏర్పాటు చేసి చూశారు. బైపాస్ చేయని ఎలుకల కన్నా అవి ఎక్కువే ఎక్కించుకున్నాయి. బెంగ ఉంటే ఉండొచ్చు గానీ, కత్తి పడ్డాక మెదడు మందును చూసే చూపే మారుతుందేమోనన్న అనుమానానికి ఇది ఆధారం.

అన్నిటికన్నా భయపెట్టేది బి1 విటమిన్ సంగతి. సర్జరీ తర్వాత తిండి తక్కువ, కొందరికి వాంతులు, పైన మందు. బి1 బాగా పడిపోతే కళ్లు సరిగా కదలవు, అడుగు తడబడుతుంది, మాట పొంతన తప్పుతుంది. వెంటనే ఇంజెక్షన్ పడాల్సిన స్థితి అది. సిట్టింగ్‌లో ఉన్నవాళ్లు మాత్రం "మనోడికి ఎక్కిందిరా" అని నవ్వుకుని, దుప్పటి కప్పి పడుకోబెడతారు.

ఆసుపత్రులూ తక్కువ తినలేదు. హోర్డింగ్ మీద "ముందు", "తర్వాత" ఫొటోలకు, ఈఎంఐ వివరాలకు చోటుంటుంది గానీ గ్లాసు ఊసుండదు. ఫాలోఅప్‌కి వెళ్తే బరువు తూస్తారు, బి12 చూస్తారు, వెళ్లేముందు "డ్రింక్స్ ఏమైనా?" అని మర్యాదకు అడుగుతారు.

"అకేషనల్ అండీ" అంటారు బావగారు, షర్టు సర్దుకుంటూ.

"వారానికెన్ని అకేషన్లో కూడా రాసుకోండి డాక్టర్ గారూ" అంటుంది పక్క కుర్చీలోంచి అక్కయ్య.