పాత కాగితాలు, 282 రూపాయలు

మా నాయిన చేతిరాతతో నిండిన యాభై ఆరేళ్ల ఇంటి లెక్కల పుస్తకాలను నేను కిలో ఆరు రూపాయలకు అమ్మేశాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీ ఇంట్లోనూ అటక మీద ఒక ట్రంకుపెట్టె ఉంటుంది, దాన్ని చూసి మీరూ ఎప్పుడో ఒకసారి విసుక్కునే ఉంటారు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

మాది కట్టంగూర్. నాయిన నకిరేకల్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. 1949లో, పదహారేళ్ల వయసులో చేరాడు. పొద్దున్నే సైకిలెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు. ఆముదాలు, కందులు, పల్లీలు బండ్ల మీద వచ్చేవి. దడ్వాయి తూకం చూసి కేకేస్తే నాయిన తక్‌పట్టీ చీటీ రాసి రైతు చేతికిచ్చేవాడు. అప్పటికింకా నిజాం నాటి హాలీ సిక్కా నడుస్తోంది. ఇండియా రూపాయిని మావాళ్లు కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్‌తో సమానం. నూరు కల్దార్‌కు హాలీలో ఎంతని అడిగితే నాయిన తల ఎత్తకుండానే చెప్పేవాడు: నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. రైతుకు ఆ ఎనిమిది పైలు కూడా దక్కాలి కదా అనేవాడు. ఆయన చదువు మాత్రం ఏడో తరగతి.

1955లో పెళ్లయింది. ఆ ఏడాది నుంచి ఇంటికి కూడా ఒక కిర్దు పుస్తకం పెట్టాడు. ప్రతి ఉగాదికి కొత్త పుస్తకం, నాలుగు మూలలా పసుపు, పైన శ్రీకారం, ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. 1957 పుస్తకం నా చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించాడు. ఏప్రిల్ 1న నయా పైసలొచ్చాయి. అప్పటిదాకా రూపాయలకు, అణాలకు, పైలకు మూడు గళ్లు గీసేవాడు. ఆ రోజు నుంచి రెండే గళ్లు. అణాకు ఆరుంపావు పైసలు. ఆ పావు ఎటు పోతుందోనని కొన్ని నెలలు నిద్ర పట్టలేదట. అక్క పురుటి ఖర్చు, నా ఫీజు, అమ్మ జాకెట్ గుడ్డ, అన్నీ ఆ పుస్తకాల్లోనే. ఆయన బీడీ తాగలేదు, చాయ్ కూడా దుకాణంలో పోస్తేనే. తన పేరు మీద ఖర్చు గడిలో నాకు గుర్తున్నది సైకిల్ ట్యూబు ఒక్కటే. 1984లో పట్వారీలు పోయాక ఊరి వాళ్లు తమ భూముల పహాణీ నకళ్లు పట్టుకుని మా అరుగు మీదికే వచ్చేవాళ్లు, చదివి చెప్పమని.

నేను బీకాం చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, కంప్యూటర్ మీద లెక్కలు. నా పెళ్లిచూపుల్లో మామగారు అడిగితే, ‘మా నాన్నగారు అకౌంటెంట్’ అన్నాను. నాయిన పక్కనే ఉన్నాడు. ‘గుమస్తానండీ, అడ్తి దుకాణంల’ అని నెమ్మదిగా సరిదిద్దాడు. ఆ రోజు నాకు ఆయన మీద కోపమొచ్చింది. ఆ కోపం ఇన్నేళ్లయినా నన్ను కుట్టేస్తూనే ఉంది.

2011లో, విజయవాడ రోడ్డు నాలుగు వరుసలవుతున్న రోజుల్లో, ఇల్లు కొత్తగా కట్టించాను. గృహప్రవేశానికి ఆఫీసు వాళ్లొస్తారు, గది శుభ్రంగా కనపడాలి. ట్రంకుపెట్టె దించాను, తుప్పు, ఎలుకల వాసన, అదే సమయానికి వీధిలో పాత సామాన్ల బండి కేక, పిలిచాను, అయిదంటే ఆరన్నాను, తక్కెడ ఎక్కించాను, పుస్తకాలు ఒక్కొక్కటీ బండిలో పడుతుంటే లోపల ఏముందో ఒక్కటంటే ఒక్కటి కూడా తెరిచి చూడలేదు, డబ్బు లెక్కపెట్టుకుని వెనక్కి తిరిగితే గడంచ మీద నాయిన.

‘ఎన్ని కిలోలు తూగినయ్ బిడ్డా?’

‘నలభై ఏడు, నాయినా. 282 రూపాయలు.’

తల ఊపాడు. ఆ డబ్బు ఆయన చేతిలోనే పెట్టాను, పెద్ద ఉపకారం చేసినట్టు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బండి వెనక పరిగెత్తేవాణ్ణేమో. అయినా ఆ తప్పు ఆయన మౌనం మీదికి నెట్టడం న్యాయం కాదు.

అయిదేళ్లకు తెలిసింది నేనేం అమ్మానో. 2016లో ప్రభుత్వం సాదాబైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకుంది. తెల్లకాగితం మీద కొన్న భూమికి అయిదెకరాల దాకా రుసుము లేకుండా పట్టా. మాకూ ఎకరం పది గుంటలుంది, 1974లో కొన్నది. కాగితమేదీ అని అడిగాను. ‘ఆ యేటి కిర్దుల మడిచి పెట్టిన’ అన్నాడు నాయిన. అప్పుడు కూడా ఆయన నన్నేమీ అనలేదు. మూడు విడతల్లో ఎంతెంత ఇచ్చాడో, ఏ తిథిన, ఎవరి ఎదుట ఇచ్చాడో వరసగా చెప్పుకుపోయాడు. ఆ సాక్షులు ఎవరూ బతికి లేరు.

ఆ భూమి అమ్మినాయన కొడుకు దగ్గరికి తల వంచుకుని వెళ్లాను. కాదంటే చేసేదేమీ లేదు. అతను నా మాట సగంలోనే ఆపాడు. ‘మీ నాయిన ఇచ్చినన్నడా? ఇచ్చినట్టే. ఎప్పుడు రమ్మంటవ్?’ అన్నాడు. వచ్చి రిజిస్ట్రేషన్ చేసిపోయాడు. స్టాంపు డ్యూటీ మాత్రం నేనే కట్టాను, కట్టాల్సిందే.

నాయిన 2019లో పోయాడు, ఎనభై ఆరేళ్లకు. దశదినకర్మ అయిన రాత్రి ఆయన తలగడ పక్కనున్న పుస్తకాలు తెరిచాను. 2011 నాటిది వాటిలో ఉంది. అప్పుడు రాస్తున్నది కాబట్టి పెట్టెలో లేక బతికింది. గృహప్రవేశానికి ముందు రోజు పుట. జమ గడిలో, అదే గుండ్రని రాతలో:

‘పాత కాగితములు అమ్మగా వచ్చినవి, 282.’

ఎదురుగా ఖర్చు: ‘మనవరాలి చెప్పులు 120. కోడలికి ఇష్టమని పాలకోవా 90. కొత్త కిర్దు పుస్తకం 72. నిలువ లేదు.’

వేళ్ల మీద కూడి చూశాను. సరిపోయింది.