బొబ్బిలిలో రెండు నిమిషాలు

భిలాయి దగ్గరి నందినిలో నాకు ఆరు టిప్పర్లున్నాయి. భిలాయి బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఇనుప ఖనిజంలోని మలినాన్ని చిట్టెంగా వేరుచేసేందుకు వేసే సున్నపురాయి ఇక్కడి గనిలోనిదే. 1959లో మొదటి ఫర్నేసు వెలిగిన రోజుల్లో బొబ్బిలి వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్లలో మా నాన్న ఒకరు. ఆయన కొడుకునై ఉండీ ఈ తెలివితక్కువ పని చేశాను.

ఏడాదంతా ప్రమాదం లేకుండా బళ్లు నడిపిన పద్నాలుగు మందికి బహుమానంగా విశాఖ యాత్ర పెట్టాను. సముద్రం ఒడ్డున రిసార్టు, మూడు రోజుల ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ ప్యాకేజీ. గది, మూడు పూటలా బఫే, మందు, అన్నీ ఒకే రేటులో. ఎవరూ జేబు తడుముకోనక్కర్లేదని సంబరపడ్డాను. నిజానికి తప్పింది లెక్కలు చూసుకునే నా శ్రమ.

అది కార్తీకం. రేటు తగ్గిందని ఆ తేదీలే ఖాయం చేశాను. ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది తెలుగువాళ్లు, వాళ్లలో నలుగురు అయ్యప్ప మాలలో ఉన్నారు. స్వాములు వండుకోవడానికి అక్కడ పొయ్యి లేదు, బయటి తిండి లోపలికి రానివ్వరు. మూడు రోజులూ పళ్లు, పాలతో గడిపారు. ఇలాంటి ప్యాకేజీల్లో మనిషి సగటున ఎంత తిని తాగుతాడో లెక్కగట్టి ధర వేస్తారు. అంటే తాగేవాడి ఖర్చులో కొంత తాగనివాడి మీద పడుతుంది. మా స్వాముల పేరున నేను మందుకు డబ్బు కట్టాను. ఆ సంగతి ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

1950లో మజోర్కా దీవిలో గుడారాలు వేసి క్లబ్ మెడ్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆ దీవికి సెలవులు గడపడానికి వెళ్లినవాళ్లకి ఆ చుట్టుపక్కల కన్నవాళ్లు లేరు. మావాళ్లకి ఉన్నారు.

వెళ్లేటప్పుడు రాయగడ దాటాక తెల్లవారింది. పార్వతీపురం వచ్చేసరికి అందరూ తలుపు దగ్గరే నిలబడ్డారు. బొబ్బిలికి ముందు ఒక డ్రైవరు నా దగ్గరికొచ్చి, “బాబూ, ఇక్కడ దిగిపోయి రేపు వచ్చెయ్యనా? అమ్మని చూసి మూడేళ్లయింది” అన్నాడు.

“గదికి డబ్బు కట్టేశాంరా, వృథా అయిపోతుంది” అన్నాను.

మారు మాట్లాడలేదు. వెళ్లి సీటులో కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో రాత్రివేళ బొబ్బిలిలో బండి ఆగింది. ఫోను చేసి చెప్పాడేమో, వాళ్లమ్మ ప్లాట్‌ఫారం మీద ఉంది. కిటికీ ఊచల్లోంచి కొడుకు చెయ్యి పట్టుకుంది. బండి కదిలాక కూడా వదలకుండా నాలుగడుగులు నడిచింది. సంచిలో రెండు మూటలిచ్చింది. రెండోది నాకట.

ఈ ఏడు రైలు టిక్కెట్టు, చేతికి డబ్బు, నాలుగు రోజుల సెలవు ఇస్తున్నాను. ఎవరికి కావలసిన చోటికి వాళ్లు. మాలో ఐదుగురు ఛత్తీస్‌గఢీ కుర్రాళ్లు మాత్రం మళ్లీ సముద్రమే అడిగారు. కిందటేడే వాళ్లు మొదటిసారి దాన్ని చూశారు.